వరాలమ్మ గారి పేరున సభ్యత్వం

2016 వేసవి. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే రోడ్డుకు కొంచెం లోపలగా, ఒకప్పటి జీడితోటల్లో కట్టిన ఒక క్లబ్ కమ్యూనిటీలో మెంబర్‌షిప్ డెస్కు నాది. ఒకే ప్రహరీ లోపల వందకు పైగా ఇళ్ళు, వాటి మధ్యలో ఒక క్లబ్‌హౌస్. అందులో ఈతకొలను, జిమ్ము, పేకాట గది, రెస్టారెంటు, ఫంక్షన్లకు చిన్న హాలు ఉండేవి. ఇల్లు కొన్నవాళ్ళు క్లబ్బులో సభ్యులవుతారు. పెద్ద నగరాల్లో ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నా మా వైపు అప్పుడప్పుడే వస్తున్నాయి. అందుకే ఇల్లు కొన్న సంతోషం తీరకముందే, క్లబ్బు బిల్లు చేత్తో పట్టుకుని నా ముందుకొచ్చి కూర్చునేవాళ్ళు చాలామంది ఉండేవారు.

మాది అరసవల్లి. మా నాన్న అక్కడ గుడి దారిలో ఒక లాడ్జిలో కౌంటరు చూసేవారు. డిగ్రీ అయ్యాక నేను కూడా విశాఖపట్నంలో ఒక హోటల్లో ఫ్రంట్ ఆఫీసులో చేరాను. హోటల్లో లెక్క తేలిక. ఒక రాత్రి ఉంటే ఒక రాత్రికి కట్టి వెళ్ళిపోతారు. క్లబ్బుకు వచ్చాక నాకే మొదటి నెల రోజులూ తలనొప్పిగా ఉండేది. జాయినింగ్ ఫీజు అని చేరేటప్పుడు ఒకసారి కడతారు, అది తిరిగి రాదు. యాన్యువల్ సబ్‌స్క్రిప్షన్ అని ఏటేటా కడతారు. వీధి దీపాలకు, కాపలాకు, చెత్త ఎత్తడానికి కమ్యూనిటీ మెయింటెనెన్స్ వేరు. అది క్లబ్బుకు సంబంధం లేకుండా ప్రతి ఇంటికీ తప్పదు. ఇవి కాక మినిమమ్ బిల్లింగ్ ఉంది, అంటే నెలకు ఇంత అని రెస్టారెంటులో తిన్నా తినకపోయినా పడే మొత్తం. ఎప్పుడైనా పెద్ద మరమ్మతు వస్తే ఆ ఖర్చును సభ్యులందరికీ పంచుతారు, దాన్ని స్పెషల్ లెవీ అంటారు. వీటిని వివరించి చెప్పడమే నా ఉద్యోగంలో సగం. మిగతా సగం తిట్లు తినడం.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం సింహాచలం గారు వచ్చారు. కోటబొమ్మాళిలో చాలా ఏళ్ళు రైస్ మిల్లు నడిపి, అమ్మేసి, భార్యతో కలిసి మా దగ్గర ఇల్లు కొనుక్కున్న మనిషి. అరవై దాటిన వయసు, తెల్ల చొక్కా, తెల్ల పంచె. అప్పటిదాకా ఆయన్ని గేటు దగ్గర నడుస్తూ చూడడమే గాని మాట్లాడింది లేదు. బిల్లు నా బల్ల మీద పెట్టి, దాని మీద అరచెయ్యి ఆనించారు.

"ఏటమ్మా ఇది? ఒక్కసారి కడితే జన్మంతా సరిపోతాదని చెప్పి కట్టించుకున్నారు. ఇపుడు మళ్ళీ ఏడాది బిల్లేటి? ఎవుల్ని ముంచుదావని?"

మంచినీళ్ళు తెప్పించి, ఒక్కొక్క వరసే చూపిస్తూ చెప్పాను. లైఫ్ మెంబర్‌షిప్ అంటే జాయినింగ్ ఫీజు జీవితంలో ఒక్కసారే అని అర్థం, సబ్‌స్క్రిప్షన్ మాత్రం ప్రతి ఏడూ ఉంటుందన్నాను. అంతకు ముందు వానాకాలంలో పెద్దగాలికి జిమ్ము కప్పు రేకులు ఎగిరిపోయాయి, లెవీ దానికోసమన్నాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. మినిమమ్ బిల్లింగ్ దగ్గర మాత్రం ఆగిపోయారు.

"నాను తినని కూటికి బిల్లేటి? మా మిల్లు కాడ దాన్యం ఆడించనోడి దగ్గిర నాను కూలి అడిగినానేటి?"

"సీజను లేని నెలల్లో మీ మిల్లుకు కరెంటు బిల్లు సున్నా వచ్చేదాండీ?" అన్నాను.

"సున్నా ఎందుకొస్తాది? మోటార్లు తిరక్కపోయినా మినిమం ఏసేవోడు."

"ఇదీ అలాంటిదేనండి. మీరొచ్చినా రాకపోయినా వంటవాళ్ళు పొయ్యి వెలిగించుకుని సిద్ధంగా ఉండాలి కదా. వాళ్ళ జీతాలూ ఆగవు."

తల ఊపారు. ఇలాంటి సమయాల్లో సాధారణంగా మనిషి మెత్తబడతాడు, బిల్లు మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఈయన అలా చెయ్యలేదు.

"అర్దవయింది తల్లీ. నీ మీద కోపం నేదు. బిల్లు ఎక్కువని కూడా కాదు నా బాద. ఇల్లు అమ్మిన ఆ కుర్రోడు నా మొకం సూసి, ఒక్కసారి కడితే మరింక సూసుకోనక్కర్లేదన్నాడు. ఇన్నేళ్ళు మిల్లు నడిపినాను, తూకం కాడ ఒక్కడి చేత మాట పడనేదు. అబద్దం సెప్పి సేర్సుకున్న కాడ నానుండను. నా పేరు తీసెయ్యండి."

సభ్యత్వం వదులుకుంటే ఏం జరుగుతుందో చెప్పడం నా బాధ్యత. కట్టిన జాయినింగ్ ఫీజు వెనక్కి రాదని చెప్పాను. కమ్యూనిటీ మెయింటెనెన్స్ మాత్రం ఇల్లున్నంతకాలం కట్టాల్సిందేనని, నెలాఖరుతో ఇంట్లోవాళ్ళు క్లబ్బులోకి వచ్చే కార్డులన్నీ ఆగిపోతాయని కూడా చెప్పాను. అన్నిటికీ సరేనన్నారు.

"ఇంట్లో అమ్మగారిని ఒకసారి అడుగుతారా?"

"ఆవిడికేటి సంబందం? మా ఇంట్లో ఎవులూ మీ కొలనులో కాలెట్టనేదు. ఆవిడ పొద్దున్న పార్కులో నడుస్తాది, అంతే."

అది నిజం కాదని నాకు తెలుసు. పొద్దుటి పూట కొలనులో ఆడవాళ్ళ బ్యాచ్ ముగిశాక, తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకుని నా డెస్కు ముందునుంచి నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళలో వరాలమ్మ గారు ఉండేవారు. దాదాపు రోజూ ఉండేవారు.

హోటల్లో చేరిన కొత్తలో మా సీనియరు నేర్పిన మొదటి సంగతి, ఒకరి రాకపోకలు ఇంకొకరికి చెప్పకూడదని. అడిగింది భర్తయినా, తండ్రయినా. ఆ కట్టుబాటు నా ఒంట్లో ఇంకిపోయి ఉంది. అందుకే ఆయన సంతకం చేసిన దరఖాస్తు తీసుకుని, "సరేనండి" అని మాత్రం అన్నాను. కానీ మా దగ్గర ఇంకొక నియమం కూడా ఉంది. కుటుంబంలో ఎవరికి కార్డు ఇచ్చామో, దాన్ని ఆపేముందు వాళ్ళకు స్వయంగా చెప్పాలి. భర్తకు ఆమె సంగతి చెప్పే హక్కు నాకు లేదు. ఆమెకు ఆమె కార్డు సంగతి చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఉంది.

మర్నాడు పొద్దున్నే కొలను దగ్గరకు వెళ్ళాను. నడుం లోతు నీళ్ళలో వరాలమ్మ గారు అటు చివరి నుంచి ఇటు చివరికి నెమ్మదిగా నడుస్తున్నారు. పక్కన మేరీ రత్నం గారు. ఆవిడ బాప్టిస్టు మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరై, చెల్లెలితో కలిసి మా దగ్గరే ఒక ఇంట్లో ఉండేవారు. కొంతసేపయ్యాక మేరీ రత్నం గారు అరచెయ్యి ఆమె వీపు కింద పెట్టారు. వరాలమ్మ గారు కళ్ళు మూసుకుని వెనక్కి వాలి, నీళ్ళ మీద వెల్లకిలా తేలారు. చెయ్యి తీసేసినా తేలుతూనే ఉన్నారు. ఆ మొహంలో ఉన్న నెమ్మది చూశాక, తెచ్చిన కబురు అప్పుడే చెప్పాలనిపించలేదు. ఆవిడ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చునేదాకా ఆగి చెప్పాను.

ఆవిడ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ విన్నారు. తుడుచుకోవడం అయిపోయినా తువ్వాలు మొహం మీదనుంచి తియ్యలేదు.

"నాకు తెలుసును. ఆ బిల్లొచ్చిన కాడ్నుంచి బావ కూడు సరిగ్గా తినట్నేదు," అన్నారు చివరికి. వాళ్ళది మేనరికం. భర్తను ఆవిడ బావ అనే పిలిచేవారు.

"మీరు నీళ్ళలో దిగుతున్నారని ఆయనకి తెలియదా అమ్మా?"

"ఏటని సెప్పను? ఇన్నేళ్ళు మిల్లు కాడ సిమెంటు నేల మీద నిలబడి తవుడు, నూకలు తూయించినాను. మోకాళ్ళు రెండూ పోనాయి. ఆపరేషనైనా సేయించుకో, నీట్లో నడకైనా నడువు అన్నాడు డాక్టరు. ఈ వయసుకి బిగుతు బట్టలేసుకుని నీట్లో దిగుతన్నానని ఆయనకెలగ సెప్పను? రేపు సెప్దాం, ఎల్లుండి సెప్దాం అనుకున్నాను. అలగే అయిపోనాది."

మేరీ రత్నం గారు ఆమె తడి బట్టలు పిండుతూ నిలబడ్డారు. తరవాత తెలిసింది, ఆ ఈతబట్టలు విశాఖపట్నం నుంచి కొని తెచ్చింది ఆవిడే. అవి ఆరేది కూడా ఆవిడ డాబా మీదే. మొదట్లో వరాలమ్మ గారు కొలను గట్టు మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని, కాళ్ళు మాత్రం నీళ్ళలో ముంచుకునేవారట. ఈవిడే చెయ్యి పట్టుకుని లోపలికి దింపారట.

"వరాలూ, ఏడుపు తరవాత," అన్నారు మేరీ రత్నం గారు. "ముందు ఆ అమ్మాయిని అడుగు. నీ పేరున కావాలంటే ఎంతవుతుందో."

వరాలమ్మ గారు తల ఎత్తి నన్ను చూశారు. "నా పేరున ఇస్తారా?"

ఆ పూటే ఇద్దరూ నా డెస్కుకు వచ్చారు. అప్పటికి ఆ ఉద్యోగంలో నేను ఫీజుల గురించి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. వాళ్ళలో చాలామంది ఎంత తగ్గిస్తారు అనేది ఒక్కటే అడిగేవారు. ఈవిడ అలా అడగలేదు.

"వీట్లో ఎప్పుడూ ఆగనిది ఏది?" అని మొదలుపెట్టారు. సబ్‌స్క్రిప్షను, మినిమమ్ బిల్లింగు అన్నాను. "పెరిగేది ఏది? ఎవుళ్ళు పెంచుతారు?" ఏటా సర్వసభ్య సమావేశంలో కమిటీ ప్రతిపాదిస్తుందని, సభ్యులు ఓటు వేస్తారని చెప్పాను. "ఓటు ఎవులికి?" సభ్యత్వం ఎవరి పేరున ఉంటే వాళ్ళకే, భార్యగానో భర్తగానో కార్డు ఉన్నంత మాత్రాన ఓటు ఉండదు అన్నాను. ఆవిడ మేరీ రత్నం గారి వైపు ఒకసారి చూసి మళ్ళీ నావైపు తిరిగారు. "నాను మంచాన పడితే? కొన్ని నెలలు రాలేకపోతే?" డాక్టరు కాగితం చూపిస్తే ఆ కాలానికి సగమే తీసుకుంటాం అన్నాను. "సచ్చిపోతే?"

చేరేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న అది. పై అంతస్తులో ఉండే సెక్రటరీ గారికి ఫోను చేసి కనుక్కుని చెప్పాను. సభ్యుడు పోతే కుటుంబంలో ఇంకొకరి పేరు పెట్టుకోవచ్చట, కొంచెం బదిలీ రుసుము ఉంటుందట.

అన్నీ విన్నాక అసలు సంగతి అడిగారు. కొత్తగా చేరడానికి జాయినింగ్ ఫీజు ఎంత అని. చెప్పగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"అది నా వల్ల కాదమ్మా. మిల్లు అమ్మినపుడు తవుడు డబ్బులు నాకొదిలేసినాడు బావ. బేంకులో ఉన్నాయి. దాని వడ్డీతో ఏడాది బిల్లు కట్టుకోగలను గాని ఇంతంటే..." కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు.

సెక్రటరీ గారు ఫోనులో అన్న మాట ఒకటి నా బుర్రలో ఇంకా తిరుగుతోంది. కుటుంబంలో ఇంకొకరి పేరు పెట్టుకోవచ్చు అన్నారు. ఎందుకు పెట్టుకోవచ్చు? మా క్లబ్బులో జాయినింగ్ ఫీజు మనిషికి కాదు, ఇంటికి. ఇంటి యజమాని తన కుటుంబంలో ఒకరిని సభ్యుడిగా సూచిస్తారు. చాలా ఇళ్ళలో యజమానీ సభ్యుడూ ఒకరే కాబట్టి ఈ తేడా ఎవరికీ పట్టేది కాదు.

"ఇల్లు ఎవరి పేరున ఉందమ్మా?" అన్నాను.

"నా పేరునే. అప్పట్లో మిల్లు మీద అప్పున్నాదని, ఇల్లు నా పేరున రాయించినాడు."

"అయితే మీరు మళ్ళీ చేరక్కర్లేదు. ఈ ఇంటికి జాయినింగ్ ఫీజు కట్టేశారు. సభ్యుడిగా ఆయన తప్పుకుంటే, యజమానిగా మీరు మీ పేరే పెట్టుకోవచ్చు. బదిలీ రుసుము ఒక్కటే."

ఆవిడ మళ్ళీ కూర్చున్నారు. "మరి సేరినపుడు ఆయన పేరెట్టిందెవరు?"

"మీరే సంతకం చేసుంటారు."

"సేసుంటాను. ఎక్కడెట్టమంటే అక్కడెట్టినాను."

ఒక చిక్కు మాత్రం మిగిలింది. సభ్యత్వం వదులుకుంటానని ఇచ్చిన దరఖాస్తు బదిలీకి సరిపోదు, తప్పుకునే సభ్యుడు కూడా సెక్రటరీ ఎదుట సంతకం చెయ్యాలి. అంటే సింహాచలం గారికి తెలియకుండా జరిగే పని కాదు. ఆ మాట కూడా వాళ్ళకు చెప్పాను.

"బావకి నానే సెప్తాను," అన్నారు వరాలమ్మ గారు. "నువ్వు సెప్పకు. మేరీ, నువ్వు కూడా రాకు."

ఆవిడ ఎలా చెప్పారో నాకు తెలియదు. ఒకటి రెండు రోజుల తరవాత సింహాచలం గారు మాత్రం గాలివానలా వచ్చారు. లాబీలో బిల్లులు కడుతున్నవాళ్ళు, పేకాట గది బయట నిలబడ్డవాళ్ళు అందరూ తిరిగి చూశారు.

"నువ్వేనా తల్లీ మా ఇంట్లో సిచ్చెట్టినది? నాను ఒద్దని ఎల్లిపోతే, ఎనకనుంచి మా ఆడదాన్ని పట్టుకున్నారు. ఒక బిల్లు తగ్గిపోతాదని! ఇదేనా మీ యాపారం?"

అన్ని తిట్లకూ అలవాటు పడ్డదాన్ని, కానీ ఆ మాట తగిలింది. ఎందుకంటే ఆయన వైపు నుంచి చూస్తే అది నిజంలాగే కనిపిస్తుంది. అబద్ధం చెప్పి చేర్చుకున్న క్లబ్బే, మొగుడు జారిపోతుంటే పెళ్ళాన్ని పట్టుకుంది. ఆయన ఫిర్యాదు చేస్తే మేనేజ్‌మెంటు నన్ను కాపాడుతుందన్న నమ్మకం కూడా నాకు లేదు. లేచి నిలబడ్డాను. నోరు విప్పితే ఆవిడ నాకు చెప్పుకున్నవన్నీ జనం మధ్యలో చెప్పాల్సి వస్తుంది.

ఇంతలో తలుపు దగ్గరనుంచి వరాలమ్మ గారి గొంతు వినిపించింది. "ఆ గుంట నన్ను పిలవనేదు బావా. నానే అడిగినాను. కేకలెందుకు? ఆ సెక్రటరీనే అడుగుదాం, పద." గుంట అంటే మా వైపు ఆడపిల్ల, ఆ మాట నా గురించే.

సెక్రటరీ గారి గది పైన. లిఫ్టు ఆ వారం పాడైపోయి ఉంది. నేను ఆ సంగతి చెప్పబోతుండగానే ఆవిడ మెట్లెక్కడం మొదలుపెట్టారు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి పక్కన వదిలేసి, రెయిలింగు ముట్టుకోకుండా ఎక్కుతున్నారు. తొందరేమీ లేదు, అలాగని ఆగడమూ లేదు.

సింహాచలం గారు కింద మెట్టు దగ్గరే ఆగిపోయారు. నేను కాగితాలు పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన కోపం ఎటుపోయిందో తెలియదు. మొహంలో అయోమయం తప్ప ఇంకేమీ లేదు.

"మేడెక్కి ఎన్నేళ్ళయినాదో," అన్నారు నాతో, గొంతు తగ్గించి. "మా ఊర్లో డాబా మీద వొడియాలెట్టడానికి కూడా ఎక్కలేకపోయేది. దీనికోసవే కదేటి, మెట్లు నేని ఇల్లు ఎతికెతికి ఇక్కడ కొన్నాను."

ఆవిడ సగంలో మలుపు దగ్గర ఆగి కిందికి చూశారు. "రా బావా. ఏటక్కడే నిలబడిపోనావు?"

ఆయన రెయిలింగు పట్టుకుని, ఆయాసపడుతూ, ఆవిడ వెనక ఎక్కారు.

పైన గదిలో కూర్చున్నాక చాలాసేపు ఫీజుల మాటే రాలేదు. సెక్రటరీ గారు బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. వచ్చినవాళ్ళ మొహాలు చూసి, తొందరపెట్టకుండా ఏవో కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయారు.

"ఎప్పట్నుంచి?" అని భార్యను అడిగారు సింహాచలం గారు.

"దసరా ఎల్లిన కాడ్నుంచి."

"నొప్పో?"

"నీట్లో ఉన్నంతసేపు అస్సలుండదు. బయటికొచ్చినాక కూసింతుంటాది. ముందున్నంత నేదు."

"నాకెందుకు సెప్పనేదు?"

"నవ్వుతావని."

ఆయన పంచె అంచు వేళ్ళతో సరిచేసుకున్నారు. కాదని అంటారేమో అనుకున్నాను. "నవ్వుదునేమో," అన్నారు.

తరవాత సెక్రటరీ గారి వైపు తిరిగి, ఇల్లు అమ్మిన కుర్రవాడు ఏమన్నాడో మొత్తం చెప్పారు. సెక్రటరీ గారు సమర్థించుకోలేదు. "ఆ మాట తప్పండి. మీకు ముందే సరిగ్గా చెప్పి ఉండాల్సింది. క్లబ్బు తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను," అన్నారు. సింహాచలం గారి భుజాలు అప్పుడు కొంచెం దిగాయి. ఆయనకు ఇన్నాళ్ళూ కావలసింది ఆ ఒక్క మాటే. అది నేను డెస్కు దగ్గర కూర్చుని ఎన్ని వరసలు వివరించినా ఆయనకు అందలేదు. తప్పు జరిగిందని ఒప్పుకునే అధికారం నాకు లేదు మరి.

సంతకాలయ్యాయి. బదిలీ కాగితంలో చివరి వరస నింపాల్సి వచ్చింది. సభ్యురాలి మీద డిపెండెంట్‌గా ఎవరినైనా చేరుస్తారా అని అడిగాను. భార్యకో భర్తకో ఆ కార్డుకు వేరే రుసుము లేదని కూడా చెప్పాను.

"డిపెండెంటంటే?" అన్నారు సింహాచలం గారు.

నేను కొంచెం తడబడి, "వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు అని అండి," అన్నాను.

వరాలమ్మ గారు భర్త మొహం చూశారు. ఆయన ఏమంటారోనని నేనూ సెక్రటరీ గారూ కూడా చూశాం.

"నిజివే కదేటి," అన్నారాయన. "రాసీయమ్మా. ఆవిడ ఒండకపోతే నాను తినేదేటి?"

"బిల్లు మీద పేరే గదా బావా. ఇంటి ముందు బోర్డు మీద నీ పేరు నీకే ఉన్నాది," అని ఆవిడ సముదాయించారు. ఆయన నవ్వారు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదలు.

ఆ తరవాత మూడేళ్ళు వాళ్ళిద్దరినీ దాదాపు రోజూ చూశాను. ఆయన మాత్రం ఎప్పుడూ కొలనులో దిగలేదు. ఎందుకని ఒకసారి అడిగితే, "నాకు నీళ్ళంటే బయ్యం. కాలవలో మునిగిపోబోయినాను సిన్నపుడు," అని రహస్యంలా చెప్పారు. ఆవిడ లోపల ఉన్నంతసేపూ లాబీలో పేపరు చదువుకుంటూ, ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. ఆ ఈతబట్టలు ఇప్పుడు వాళ్ళ పెరట్లోనే ఆరుతున్నాయని మేరీ రత్నం గారు నాతో చెప్పి మురిసిపోయారు. మినిమమ్ బిల్లింగ్ సంగతి కూడా వరాలమ్మ గారు తనదైన పద్ధతిలో తేల్చుకున్నారు. తినకపోయినా కట్టాలి కాబట్టి, నెలలో ఒక పొద్దున్న ఆడవాళ్ళ బ్యాచ్ మొత్తాన్నీ రెస్టారెంటుకు తీసుకెళ్ళి పెసరట్లు పెట్టించేవారు. వెయిటరు అలవాటు కొద్దీ బిల్లు సింహాచలం గారి ముందు పెడితే, ఆయన వేలితో ఆవిడ వైపు చూపించేవారు.

మొదటి సర్వసభ్య సమావేశానికి ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చారు. కొలను ఫిల్టరు మార్చాలి, లెవీ వెయ్యాలి అని కమిటీ అనగానే చెయ్యి ఎత్తి లేచారు. "ఎయ్యండి, ఒద్దనను. అది నేకపోతే నాకు నడకే నేదు. గాని ఒచ్చే ఏడు ఏటి పెరుగుతాదో ఈ ఏడే సెప్పండి. కొత్తోళ్ళకి ఇల్లు అమ్మినపుడు కూడా సెప్పండి. తరవాత బిల్లులో సూసుకుని గుండె పట్టుకోకుండా." హాలులో చప్పట్లు పడ్డాయి. ఆ తరవాతే మా అమ్మకాల వాళ్ళ నోట 'లైఫ్ మెంబర్‌షిప్' అన్న మాట ఆగిపోయింది. జాయినింగ్ ఫీజుతో పాటు ఏటేటా పడేవి కూడా చెప్పాకే సంతకం తీసుకోవాలని కమిటీ తీర్మానం చేసింది.

2019లో నేను ఆ ఉద్యోగం వదిలి వేరే కమ్యూనిటీకి మారాను. పని అదే. ఫీజులు అర్థమయ్యేలా చెప్పడమంటే వరసలు విడదీసి చెప్పడం అనుకునేదాన్ని. సింహాచలం గారికి వరసలన్నీ అర్థమయ్యాయి, అయినా వద్దనుకున్నారు. వరాలమ్మ గారికి డబ్బు కష్టమే, అయినా కావాలనుకున్నారు. ఒకే ఇంటికి వచ్చిన ఒకే బిల్లు అది. అది ఖరీదో చవకో తేలేది అంకెల్లో కాదు, దాన్ని వాడుకునే మనిషి దగ్గర. ఆ మనిషి చాలాసార్లు సంతకాల బల్ల దగ్గర ఉండరు. ఉన్నా మాట్లాడరు.

అందుకని ఇప్పుడు ఎవరైనా ఇల్లు కొనడానికి వచ్చి ఫీజులెంత అని అడిగితే, ఇంట్లోవాళ్ళతో కలిసి రమ్మంటాను. వచ్చాక అంకెలు తియ్యకముందు, మీ ఇంట్లో ఈ క్లబ్బుకు ఎవరొస్తారు, ఏం చేస్తారు అని అడుగుతాను. ఎక్కువసార్లు భర్తే అందుకుని, "అందరం వస్తామండీ" అంటాడు. నేను నవ్వి, పక్కనున్న ఆవిడ వైపు తిరిగి, ఆవిడ జవాబు చెప్పేదాకా ఆగుతాను.